ఏటవాలు గీత

"దూరం కనపడదా, దగ్గర కనపడదా?" అని అడిగాడు కళ్ళజోళ్ళ దుకాణదారు.

"రెండూ కనపడతాయండీ. మనుషులే కనపడటం లేదు."

జవాబు సరిపోయింది. దుకాణదారు అద్దాలు తుడిచే గుడ్డ భుజాన వేసుకుని, అక్షరాల చార్టు వేలాడుతున్న గోడను చిటికెన వేలితో నెట్టాడు. గోడ కాస్తా తలుపయింది.

కొంగ లోపలికి అడుగుపెట్టాడు. కొంగ అతని అసలు పేరు కాదు. డిపార్ట్‌మెంటులో అసలు పేర్లు జీతం రోజున తప్ప ఎవరికీ గుర్తుండవు. ఒకసారి ఓ స్మగ్లరు ఇంటి ముందు కుండపోత వానలో ఒంటికాలి మీద నిలబడి కాపలా కాశాడు. రెండో కాలికి మేకు దిగింది కాబట్టి అలా నిలబడ్డాడు గానీ, దీక్ష వల్ల కాదు. పేరు మాత్రం దీక్ష ఖాతాలో పడింది.

లోపల టేబుల్ ఫ్యాను ఒకటి తల అడ్డంగా ఊపుతూ, వచ్చిన ప్రతివాణ్ణీ వద్దు వద్దు అంటోంది. దాని వెనక చీఫ్.

"టీ తాగుతావా?"

"విషం లేకపోతే."

"పంచదారే లేదు, ఇక విషం ఎక్కణ్ణించి తేను? కూర్చో."

చీఫ్ గోడ మీది నీలం మ్యాపు నట్టనడుమ పెన్సిలుతో సున్నా చుట్టాడు. "ఇక్కడ ఏ దేశమూ లేదు. అందరి సముద్రం. అందరిదీ అంటే ఎవడిదీ కాదన్నమాట. ఎవడికి వాడు దోచుకున్నాడు. చివరికి దేశాలన్నీ సిగ్గుపడి, సముద్ర మండలి అని ఒకటి పెట్టుకుని, ఈ నీళ్ళను మూసేశాయి. ఇందులో ఎవడూ వల వెయ్యకూడదు."

"చేప తగ్గిందనా?"

"ఏ చేప? ఆ ప్రశ్నే తప్పంటున్నారు. వెనకటికి ట్యూనాను లెక్కపెట్టి, ఇంత పట్టుకోండి అనేవాళ్ళు. ట్యూనా ఏం తింటుంది, ట్యూనాతో పాటు పంక్తిలో ఎవరు కూర్చుంటారు, అదంతా ఎవరికీ పట్టలేదు. ఒక్క చేపను చూసి సముద్రాన్ని ఏలటం, ముక్కుపుడక చూసి పిల్లను చేసుకోవటం లాంటిది. ఇప్పుడు మొత్తం కాపురం చూస్తున్నారు. దీపం చేప అని వేలెడంత చేప ఉంటుంది. పగలంతా అడుగున చీకట్లో దాక్కుని, పొద్దు వాలగానే మేతకు పైకొస్తుంది. ట్యూనాకూ, తిమింగలానికీ, పక్షులకూ అన్నం అదే. అది తేరుకోవాలి. దాన్ని తినేవీ తిరిగి రావాలి. కంచంలో అన్నమూ ఉండాలి, పంక్తిలో మనుషులూ ఉండాలి. అప్పుడే ఈ నీళ్ళు తెరుస్తారు."

"తెరిస్తే మనకేంటి సార్?"

చీఫ్ సొరుగులోంచి ఫోటో తీశాడు. తెల్లచొక్కా, మెత్తటి ముఖం, దగ్గుబిళ్ళ చప్పరిస్తున్న బుగ్గ. "వీణ్ణి సొర అంటారు."

"ఏ దేశం పాస్‌పోర్టు?"

"నీకే దేశంది కావాలి? వాడి ఓడలు మూసిన నీళ్ళ అంచున బారులు తీరి ఉన్నాయి. తెరవగానే దూకి, దీపం చేపను దాణా కోసం ఊడ్చేస్తారు. ఆ తర్వాత అక్కడ ఉప్పు తప్ప ఏమీ మిగలదు. సర్వే ఓడ బయల్దేరుతోంది. సొర ఆ సర్వేను తారుమారు చేస్తాడని కబురు. ఎలాగో తెలీదు. మండలి ఓటు వెయ్యకముందే నువ్వు కనిపెట్టాలి."

"నా కవర్?"

"పక్షులు లెక్కపెట్టే ఆఫీసరువి."

"నాకు కాకికీ కోకిలకూ తేడా తెలీదు సార్."

"నడిసముద్రంలో ఆ రెండూ ఉండవు. అదృష్టవంతుడివి." చీఫ్ ఒక పక్షుల బొమ్మల పుస్తకం, ఒక బైనాక్యులర్సు బల్ల మీద పెట్టాడు. "ఎడమ కన్ను రేడియో, కెమెరా. కుడి కన్ను ఒక్కటే చూడటానికి." తర్వాత గొంతు తగ్గించాడు. "మీ బావ ఆఖరిసారి ఎక్కింది సొర ఓడే. వద్దంటే చెప్పు, ఇంకొకణ్ణి పంపిస్తాను."

"నన్నే పంపండి," అన్నాడు కొంగ. టీ అలాగే ఉండిపోయింది.

*

అక్క ఇంటి తలుపు పక్కన కాలింగ్ బెల్లు వైరు పీకేసి వేలాడుతోంది. కొంగ తలుపు తట్టాడు.

అక్క ఇస్త్రీ చేస్తోంది. బావ చొక్కాలు. వారం వారం తీస్తుంది, ఇస్త్రీ చేస్తుంది, మడత నలిగిందని మళ్ళీ తీస్తుంది. తొడిగేవాడు లేని చొక్కా ఎలా నలుగుతుందని అడిగే ధైర్యం, స్మగ్లర్లను పట్టుకున్న ఆ తమ్ముడికి లేదు.

బావ అబ్జర్వరు. అంటే వేటఓడల్లో కూర్చుని, ఏం పట్టారు, ఎక్కడ పట్టారు, ఏం పారేశారు అని చూసి మండలికి చెప్పే మనిషి. ఓడలో అందరి అన్నమూ తింటూ అందరి తప్పులూ చూసే ఉద్యోగం. అత్తారింట్లో అల్లుడి హోదా, జైల్లో ఖైదీ భద్రత. ఉత్తరాన ఎక్కడో తుఫానులో కాలు జారి పడ్డాడని సొర కంపెనీ రాసి పంపింది. శవం లేదు.

"ఆ గిలక కట్టుకునే వెళ్ళాడురా," అంది అక్క, పెట్టె ఆపకుండా. "నీళ్ళు తగిలితే మోగుతుందన్నాడు. మోగితే ఎవరో ఒకరికి వినపడదా?"

గిలక అంటే, డాల్ఫిన్లు వచ్చి చిక్కుకోకుండా వలలకు కట్టే చిన్న ప్లాస్టిక్ గొట్టం. తడిస్తే చాలు, దానంతట అదే కూతపెడుతుంది. బావ ఒకదాన్ని విప్పి, కూత మార్చి నడుముకు కట్టుకున్నాడు. రెండు పొట్టి, ఒక పొడుగు. ఆయన ఇంటి బెల్లు నొక్కే తీరు కూడా అదే. "మెళ్ళో గంట కట్టిన ఆవులా ఉన్నావు బావా," అని కొంగ నవ్వేవాడు. "ఆవు తప్పిపోదు కదరా బావమరిదీ," అని ఆయన నవ్వేవాడు.

"తమ్ముడూ," అంది అక్క. "పడ్డాడా, తోశారా? అదొక్కటి తెలుసుకుని రా. ఏదైనా సరే. అది తెలిస్తే ఈ ఇస్త్రీ ఆపేస్తాను."

*

సర్వే ఓడలో అందరికంటే ముందు కంటబడేది డాక్టరమ్మ. నడిసముద్రంలో ఎర్రటి సిల్కు స్కార్ఫు, నల్ల కళ్ళద్దాలు. ఉప్పుగాలి మిగతావాళ్ళ జుట్టును కొబ్బరిపీచు చేస్తే, ఆమె జుట్టును దువ్వి వదిలిపెట్టేది. శబ్దంతో చేపలను లెక్కపెట్టటం ఆమె విద్య. పెదాలకు రంగు వెయ్యదు, లిప్‌స్టిక్ డబ్బీ మాత్రం చేతిలోంచి వదలదు. కొంగ అది మొదటిరోజే మనసులో రాసుకున్నాడు.

"ఓడ కడుపులోంచి కిందికి ఒక కేక వేస్తాం," అని చెప్పిందామె. "చేపకు తగిలి కేక తిరిగొస్తుంది. తిరిగొచ్చినదాన్ని ఈ స్క్రీను రంగుల్లో గీస్తుంది. పొద్దు వాలనివ్వండి, చూద్దురుగాని."

పొద్దు వాలింది. ఓడ ఆగింది. స్క్రీను అడుగున పడుకున్న పచ్చటి పట్టీ ఒకటి ఒళ్ళు విరుచుకుని లేచింది. కోట్లకొద్దీ దీపం చేపలు, ఒకే మేఘంలా, మెల్లగా, పైపైకి. కొంగ స్క్రీను మీదికి వంగాడు. సముద్రం తేరుకుందని కెప్టెను చప్పట్లు కొట్టాడు.

ఆ మేఘాన్ని చీల్చుకుంటూ, పైనుంచి కిందికి, సన్నటి ఏటవాలు గీత ఒకటి దిగింది. పైన మొదలై, పచ్చదనంలోంచి జారి, నల్లటి అడుగులో కలిసిపోయింది.

"అదేంటి డాక్టరమ్మా?"

"ఏదో శబ్దదోషం." ఆమె అద్దాలు తీసి తుడుచుకుంది. తుడవటం కాస్త ఎక్కువసేపే సాగింది.

మర్నాడూ మేఘం లేచింది, గీత దిగింది. ఆ మర్నాడూ అంతే. ఓడవాళ్ళు దానికి 'అతిథి' అని పేరు పెట్టారు. "అతిథి వేళయింది, టీ పెట్టండిరా!" అని కేకలు. కొంగకు మాత్రం ఆ గీత దిగినప్పుడల్లా మెడ వెనక ఎవరో తడిచెయ్యి వేసినట్టుండేది.

ఇంకో బాధ ఉంది. పక్షులు లేవు. తెల్లవారింది మొదలు డెక్కు మీద నిలబడి, కుడి కన్నుతో ఆకాశమంతా వెతికేవాడు. ఖాళీ ఆకాశం, ఖాళీ నీళ్ళు. ఒక రెక్క లేదు, ఒక కూత లేదు. చావు జరిగిన ఇంట్లో గడియారం ఆపినట్టు ఉండేది. తనకు చూడటం రాకే కనపడటం లేదనుకున్నాడు మనవాడు. పక్షుల ఆఫీసరు రోజూ సున్నా చెబితే అనుమానం రాదూ? అందుకని పుస్తకం తిరగేసి, పేరు బాగున్న పక్షినల్లా ఎంచుకుని, రోజుకో గుంపును పుట్టించాడు. ఒకరోజు ఉత్సాహం ఆగక గూట్లో పిల్లలను కూడా పెట్టబోయి, సముద్రం మీద గూళ్ళుండవని గుర్తొచ్చి నాలిక కరుచుకున్నాడు. భోజనాల దగ్గర కెప్టెను ఆ రిపోర్టులు గట్టిగా చదివేవాడు. "చేపా వచ్చింది, పక్షీ వచ్చింది! ఇంకేం కావాలి?"

ఒక సాయంత్రం శబ్దాల గదిలో కొంగ ఒంటరిగా చిక్కాడు. మనిషి చెవికి అందని కూతను అందే కూతగా మార్చే హెడ్‌ఫోను బల్ల మీద ఉంది. పెట్టుకున్నాడు. మేఘం లేచింది: వాన దూరంనుంచి వస్తున్న సవ్వడి. గీత మొదలయింది.

టిక్, టిక్, టీ...

టిక్, టిక్, టీ...

ఎవరో తలుపు బయట నిలబడి బెల్లు నొక్కుతున్నారు. దిగుతూ నొక్కుతున్నారు. ఒక్కో బెల్లుకూ కాస్త దూరమవుతున్నారు. ఆ గీత ఎక్కడా తడబడలేదు. నీళ్ళలో పడ్డవాడు కాళ్ళూ చేతులూ కొట్టుకుంటాడు, కాసేపైనా పైనే ఉంటాడు. ఇది రాయి కట్టినట్టు తిన్నగా దిగింది. ఆఖరి బెల్లు అడుగు చీకట్లో మోగి ఆగింది.

కొంగ చేతులు హెడ్‌ఫోను మీదే ఉండిపోయాయి. "వస్తున్నా బావా," అన్నాడు, ఎవరికీ వినపడకుండా.

*

చనిపోయిన మనిషి రోజూ కొత్తగా మునగడు. అంటే ఆ సాయంత్రం పాతది. ఆ చేపలూ పాతవే.

మర్నాడు మధ్యాహ్నం అందరూ కునుకు తీస్తున్న వేళ కొంగ ఓడ అడుగుకు దిగాడు. కేకవేసే యంత్రం పక్కన, తీగల మధ్య, సబ్బుపెట్టె అంత నల్లపెట్టె ఒకటి దొరికింది. చెయ్యి వెయ్యబోయాడు. 'ఠప్' మంది. మెళ్ళోని బైనాక్యులర్సు ఎడమ కన్ను ముక్కలయి రాలింది.

"ముందు మీ రేడియో," అంది డాక్టరమ్మ మెట్ల మీదనుంచి. లిప్‌స్టిక్ డబ్బీ మూతి ఇంకా పొగలు కక్కుతోంది. "తర్వాత మాట్లాడుకుందాం."

"ఒక్క తూటాయేనా అందులో?"

"రెండోది మీ ప్రవర్తనను బట్టి."

"పైనున్నదంతా దెయ్యం చేపలేనా?"

"మనం వేసిన కేకకు సముద్రం బదులు పలకటం లేదు. పలకటానికి అడుగున ఏముంది గనక? ఈ పెట్టె పలుకుతోంది. రోజూ కాస్త కుదిపి, కాస్త సాగదీసి అదే సాయంత్రాన్ని వినిపిస్తుంది. వల వేసి సరిచూద్దామని కెప్టెను అన్నాడు. మూసిన నీళ్ళలో వల వెయ్యకూడదని రూలు గుర్తుచేశాను. పాపం, నిజాయితీపరుడు, ఊరుకున్నాడు."

"ఆ సాయంత్రమే ఎందుకు?"

"సొర దగ్గర రికార్డింగులు బోలెడున్నాయి. అన్నిట్లోకీ చేప దట్టంగా ఉన్నది కావాలన్నాడు. అత్యాశ! మూసిన నీళ్ళలో దొంగవేట మొదలెట్టిన సాయంత్రమది. సముద్రం అప్పుడు నిండుగా ఉంది. అది చూసినందుకే అబ్జర్వరును..." ఆమె ఆగింది. "ఉత్తరానా కాదు, తుఫానూ లేదు, ఈ నీళ్ళలోనే. అలలే లేని సాయంత్రం. చోటూ వేళా ఉన్న అసలు రికార్డింగు నా దగ్గరుంది. ఆ గీత చెరిపెయ్యమన్నారు నన్ను. రెండు నిమిషాల పని."

"చెరపలేదే?"

"ఒకసారి హెడ్‌ఫోను పెట్టుకుని విన్నాను."

యంత్రం గుర్రుమంటోంది. కొంగ మెల్లగా అన్నాడు, "ఆయన మా అక్క మొగుడు."

లిప్‌స్టిక్ డబ్బీ కిందికి దిగింది. ఆమె స్కార్ఫు ముడిలోంచి గోరంత చిప్పు తీసి అతని అరచేతిలో పెట్టింది. "మీ చీఫ్ జీతం కూడా తీసుకుంటున్నాను లెండి. ఇద్దరి ఉప్పూ తింటే ఎటూ అరగదు. కానీ మండలి హాల్లో నేను ముందు నోరు విప్పను. విప్పితే గుమ్మం దాటను."

"రికార్డింగు చూపిస్తే చాలదా?"

"చాలదు. చేప మీద అనుమానమొస్తే పక్షులను చూడమంటుంది మండలి. దొంగచేపను చేశాం గానీ, దాన్ని తినేవాళ్ళను చెయ్యటం మావల్ల కాలేదు. అక్కడే దొరికిపోతామని సొర వణికిపోయాడు." ఆమె మొదటిసారి నవ్వింది. "ఇంతలో మీరొచ్చి, అడక్కుండానే గుంపులు గుంపులుగా పక్షులను పుట్టించారు. సొర మీకు దండేస్తానంటున్నాడు."

కొంగ ఎన్నో దెబ్బలు తిన్నాడు. ఇంత గట్టిది ఎప్పుడూ తినలేదు. బావ మునిగిన నీళ్ళను సొర చేతికి అప్పగిస్తున్నది తన పక్షులే.

*

ఓడ రేవు చేరేసరికి మండలి కూర్చునే ఉంది. కొంగ నల్లపెట్టె చూసిన సంగతి ఎలాగో పొక్కి, మెట్ల దగ్గర సొర మనుషులు దండ బదులు ఇనపకడ్డీలతో ఎదురుచూస్తున్నారు. మాసిన దుప్పట్ల మూటలో దొర్లి, లాండ్రీ బండెక్కి, కొంగ హాలు చేరాడు. ఒంటినిండా పదిమంది నావికుల చెమట వాసన. అంతకు మించిన మారువేషం లేదు. ఎవరూ దగ్గరికి రాలేదు.

హాల్లో ప్రతినిధులందరి చెవులకూ హెడ్‌ఫోన్లు. ఎవరి భాష వాళ్ళకు వినిపించటానికి గోడవారన అద్దాల గదిలో అనువాదకుడు ఉంటాడు. అసలు అనువాదకుడు అప్పటికి బాత్రూంలో ఉన్నాడు. బయట గడియ పడి ఉంది. అద్దాల గదిలో కొంగ ఉన్నాడు, హెడ్‌ఫోన్లకూ తెరకూ వెళ్ళే తీగలకు డాక్టరమ్మ చిప్పు తగిలించుకుని.

వేదిక మీద డాక్టరమ్మ సర్వే చూపించటం ముగించింది. వెనక తెర మీద పచ్చటి మేఘం, దాన్ని చీల్చుతూ గీత. సందర్శకుల వరసలో సొర తాపీగా దగ్గుబిళ్ళ చప్పరిస్తున్నాడు.

"చేపలు తిరిగొచ్చాయి. పక్షులు కూడా తిరిగొచ్చాయని రిపోర్టు ఉంది," అంది అధ్యక్షురాలు. "అభ్యంతరం ఎవరికీ లేదు కనక, నీళ్ళు తెరవబడినట్టే." చెక్కసుత్తి పైకి లేచింది.

టిక్, టిక్, టీ...

అందరి చెవుల్లోనూ ఒక్కసారే. చెక్కసుత్తి గాల్లో ఆగింది.

టిక్, టిక్, టీ...

కొందరు తలుపు వైపు తిరిగి చూశారు, ఎవరో వచ్చారన్నట్టు.

"అమ్మా, అయ్యా," అంది హెడ్‌ఫోన్లలో ఒక గొంతు. "ఆ పక్షులను రాసింది నేను. ఒక్కటీ చూడలేదు. ఉద్యోగం పోతుందని పుస్తకంలోంచి పుట్టించాను. అక్కడ ఆకాశం ఖాళీ. తినేది లేని చోటికి తినేవాళ్ళెందుకొస్తారు? మీరు చూస్తున్న చేపలు ఎప్పుడో దొంగవలల్లో పోయాయి. అది సముద్రం ఫోటో, దండ వెయ్యటానికి పనికొస్తుంది. ఆ ఏటవాలు గీత మీరు ఓడెక్కించి పంపిన అబ్జర్వరు. రాయి కట్టి తోశారు. నడుముకు కట్టుకున్న గిలకది ఆ మోత. చోటూ వేళా ఇవిగో."

తెర మారింది. మూసిన నీళ్ళ నట్టనడుమ చుక్క ఒకటి వెలిగింది. దాని కింద తారీఖు, సొర ఓడ నంబరు.

అధ్యక్షురాలు డాక్టరమ్మ వైపు చూసింది. డాక్టరమ్మ ఎర్ర స్కార్ఫు విప్పి, మడిచి, బల్ల మీద పెట్టింది. "నిజం. పెట్టె పెట్టింది నేనే."

చెక్కసుత్తి కొట్టకుండానే కిందికి దిగింది. నీళ్ళు మూసే ఉన్నాయి.

సొర లేచి, చొక్కా సర్దుకుని, మర్యాదగా గుమ్మం వైపు నడిచాడు. గుమ్మంలో ఒక మనిషి అద్దాలు తుడిచే గుడ్డతో అడ్డం నిలబడ్డాడు.

"దూరం కనపడదా, దగ్గర కనపడదా?" అని అడిగాడు కళ్ళజోళ్ళ దుకాణదారు. సొరకు జవాబు తెలీదు. గుడ్డ కిందనుంచి బేడీలు ఘల్లుమన్నాయి.

*

అక్క ఇస్త్రీపెట్టె చేత్తో పట్టుకునే తలుపు తీసింది. తమ్ముడి ముఖం చూసి పక్కకు జరిగి దారిచ్చింది.

"తోశారక్కా," అన్నాడు కొంగ. "గిలక మోగింది. చాలాసేపు మోగింది. ఆలస్యంగా విన్నాం."

ఆమె వెనక్కి వెళ్ళి స్విచ్చి ఆపింది. పెట్టె చల్లారేదాకా ఇద్దరూ దాన్నే చూస్తూ కూర్చున్నారు. అప్పుడు అక్క సగం చేసిన చొక్కాను అలాగే, ముడతలతోనే, మడిచి పక్కన పెట్టింది.

"ఆ బెల్లు వైరు కలిపి వెళ్ళరా. ఎవరైనా వస్తే తెలియాలి కదా."

కలిపాడు. బయట నిలబడి, మోగుతుందో లేదో చూద్దామని వేలు పెట్టాడు. వేలు తనంతట తనే రెండు పొట్టి నొక్కబోయింది. ఆపుకున్నాడు. ఒక్కసారే, మామూలుగా నొక్కాడు.

లోపలినుంచి అడుగులు తలుపు దాకా వచ్చి ఆగాయి.

"నువ్వేనా?" అంది అక్క గొంతు.

"నేనే అక్కా. నేనే."

*

చీఫ్ టేబుల్ ఫ్యాను ఇంకా వద్దు వద్దంటూనే ఉంది.

"డాక్టరమ్మ లాకప్పులో ఉంది. తనకు జీతం ఎవరివ్వాలో మేమూ సొరవాళ్ళూ తేల్చుకోవాలి," అన్నాడు చీఫ్. "అది సరే, పక్షుల రిపోర్టు సరిచేసి ఇమ్మని మండలి గోల పెడుతోంది. అబద్ధాలన్నీ కొట్టేస్తే ఎన్ని మిగిలాయి?"

"ఒక్కటి సార్."

"ఏ జాతి?"

"కొంగ. నడిసముద్రంలో కనపడటం చాలా అరుదట."